పియానో మీద చావు డప్పు

ఆఫ్రికా మనిషికి గది కిరాయికి ఇచ్చానని తెలిసి మా వాడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. నేను పట్టించుకోలేదు. ఖాళీగా పెట్టుకుంటే గదికి చెదలు పడతాయి గాని పుణ్యం రాదు. మాది చండ్రుగొండ దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న పల్లె. మా చర్చివాళ్లు బడిపిల్లలకు సంగీతం నేర్పమని ఒక ఏడాదికి అతన్ని పిలిపించారు. సొంత దేశం మలావి. చదువు హైదరాబాదులో అయింది కాబట్టి తెలుగు, ఉర్దూ కలిపి ఎట్లాగో నెట్టుకొచ్చేవాడు.

వచ్చిన రోజే గట్టిగా చెప్పాను.

"గదిల మనిషి లేకుంటే ఫ్యాను తిరగొద్దు. పెట్టిన అన్నం ఇడవొద్దు. గంతే."

"అట్లనే అమ్మమ్మా," అన్నాడు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా. వేళ్లు మాత్రం అతని మాట వినేవి కావు. గడప మీద, బకెట్టు మీద, చివరికి అన్నం తింటూ తింటూ పళ్లెం మీద కూడా దరువే.

"నీ ఏళ్లకేమన్న రోగమా పిల్లగా? సొట్టపోతే కొనిస్తవా?"

"మంచిగ మోగుతది అమ్మమ్మా. పాతదా?"

"నా పెండ్లికి పెట్టిన్రు."

"అందుకే," అని ఇంకోసారి కొట్టి నవ్వాడు.

ఊరికే కూర్చున్న మనిషిని చూస్తే నాకు తోచదు. అతని ముందు ఒక చాటెడు పల్లికాయ పోశాను. అది ఒలుస్తూ తన సంగతులు చెప్పుకొచ్చాడు. వాళ్లమ్మ సరస్సు చేపలు ఎండబెట్టి అంగట్లో అమ్మేది. వాళ్ల చర్చిలో కాళ్లతో తొక్కే హార్మోనియం పెట్టె ఉండేదట. ఇతనికి కాళ్లు అందకపోతే వాళ్లమ్మ కింద చతికిలపడి చేతులతో ఆ తొక్కుడు చెక్కలు నొక్కేది, ఇతను పైన వాయించేవాడు. పెద్దయ్యాక వాళ్ల దేశంలోనే పట్నంలో ఒక పెద్ద హోటల్లో పియానో పని దొరికింది.

"ఆల్లు తింటరు, నేను వాయిస్త. ఎవ్వలు ఇటు సూడరు. నేను రాసింది వాయిస్తే మేనేజరు ఉరికొస్తడు. తెలిసిన పాట కొట్టు అంటడు."

"మరి నువ్వు రాసినయి ఎవలు పాడిన్రు?"

"ఎవ్వలు పాడలే."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ."

నేను చదివింది మూడో తరగతి దాకానే. సంగీతం నాకేం తెలుసు? కానీ వండి పెట్టుకుని తినేవాళ్ల కోసం వాకిట్లో చూడటం తెలుసు. ఆ రోజు పళ్లెం మీద కొట్టినా ఏమీ అనలేదు.

మా చర్చిలో పాత దొరలు వదిలిపోయిన పియానో ఒకటి మూలన పడి ఉండేది. లోపల గుడ్డలన్నీ ఎలుకలు కొట్టేశాయి. నా పాత ఉన్ని కంబళి చించి ముక్కలు ఇస్తే అవి కుక్కి, తీగలు బిగించి దాన్ని పలికించాడు. ఇక కోత పండుగకు కొత్త పాట కట్టడం మొదలుపెట్టాడు. పాడేది మా ఆడవాళ్లు. తను రాసిన పాట మొదటిసారి మనుషుల నోట వినబోతున్నానని అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

పాట నేర్చుకునే రోజు నేనూ వెళ్లాను. సగం దాకా బాగానే సాగింది. అప్పుడు అతని ఎడమ చెయ్యి పియానో కింది స్వరాల మెట్ల మీద ఒక దెబ్బ ఎత్తుకుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే నోరు మూశారు. ముందు లేచింది నేనే.

"ఆపు బిడ్డా."

వరసకు నాకు కోడలయ్యే ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏందత్తా ఇది? పీనుగను లేపుకపోతున్నట్టున్నది! మా బిడ్డకు నెలలు నిండినయ్. నేను పాడ."

"యాడ నేర్సినవ్ ఇది?" అని అడిగాను.

పక్క గూడెంలోనట. ఒకరోజు బడికి పోతుంటే వెనక నుంచి డప్పులు వచ్చాయి. వాటి ముందు నడుస్తూ దరువు పట్టుకున్నాడు. ఊరు దాటగానే బడికి మళ్లాడు.

"పెండ్లి అనుకున్న అమ్మమ్మా. అందరు ఎగురుతున్నరు, ఈలలేస్తున్నరు, పూలు సల్లుతున్నరు."

"ఎన్కకు తిరిగి సూడలేదా?"

"సూడలే."

"సూస్తే పెండ్లికొడుకు పాడె మీద కనవడేటోడు," అంది మా కోడలు. అంత భయంలోనూ అందరికీ నవ్వొచ్చింది. నిండుగా బతికి పోయినవాళ్లను మా దిక్కున ఎగురుతూనే సాగనంపుతారు. అది అతనికి ఎవరు చెప్పారు?

మరునాడు ఆ దెబ్బ తీసేసి వాయించి చూసుకున్నాడు. తనే తల అడ్డంగా ఊపాడు. "నడుము ఇరిగినట్టున్నది అమ్మమ్మా. కోత పండుగకు తెలిసిన పాటే పాడనీ," అని కాగితాలు మడిచి పెట్టెలో పెట్టేశాడు.

చర్చిలో నేను లేచింది కీడు అని కాదు. కరోనాలో మా ఆయన పోయాడు. ప్లాస్టిక్ బట్టలు తొడుక్కున్నవాళ్లు వచ్చి బండిలో మా సమాధుల దగ్గరికి తీసుకుపోయి వాళ్లే పూడ్చారు. మమ్మల్ని దూరంగా నిలబెట్టారు. పిడికెడు మట్టి వెయ్యనియ్యలేదు. ఊళ్లో ఎవరు పోయినా ముందుండి పాడె పట్టిన ఆయనకు ఒక్క డప్పు మోగలేదు. పియానో మీద ఆ దెబ్బ లేవగానే, ఆయన డప్పు ఇన్నాళ్లకు వచ్చిందనిపించి కూర్చోలేకపోయాను.

అందుకే ఆడవాళ్ల దగ్గరికి నేనే వెళ్లాను. "కోత పండుగకు వద్దు. దానికన్న ముందు సమాధుల పండుగ ఉన్నది గదా, అప్పుడు పాడుదం. సచ్చినోల్ల కాడ సావు డప్పు మోగితే ఎవలకు కీడు?"

"అవ్ గాని, పియానోను బొందల గడ్డకు నెత్తిన పెట్టుకొస్తవా అత్తా?" అంది కోడలు.

"సమాధులకు సున్నం తెచ్చే ట్రాక్టరు ఎట్లయిన వస్తది. అండ్ల జాగ ఉంటది."

"కిరాయి గూడ మిగిలిచ్చినవ్!" అని అందరూ నవ్వారు. నవ్విన తరువాత ఎవరూ కాదనలేదు.

పండుగ రోజు సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు సిద్ధం చేసుకున్నాం. చెక్క పలకలు పరిచి వాటి మీద పియానో నిలబెట్టారు. అతను పెట్టెలోని కాగితాలు మళ్లీ తీశాడు, గూడెం డప్పులవాళ్లను కూడా తనే పోయి పిలుచుకొచ్చాడు. వాళ్లు గడ్డి మంట వేసి డప్పులు కాచుకున్నారు.

ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. సగంలో ఆ దెబ్బ రాగానే డప్పులు కలిశాయి. ఈసారి ఎవరి నోరూ మూతపడలేదు. పాట అయింది, కాగితాలు అయిపోయాయి, అతను చేతులు ఎత్తేశాడు. డప్పులు మాత్రం ఆగలేదు. ఇదేమిటన్నట్టు పెద్ద డప్పాయన వైపు చూశాడు.

ఆయన కొడుతూనే అన్నాడు. "ఈ దెబ్బ పట్టినంక నడుమ ఇడువొద్దు బిడ్డా. అందరు మట్టి ఏసేదాక కొట్టాలె."

ఆ మాటకు ఒక ముసలాయన వంగి మట్టి తీసుకున్నాడు. కరోనాలోనే పోయిన కొడుకు సమాధి మీద వేశాడు. ఆయన వెనుక ఇంకొకరు, ఆ వెనుక ఇంకొకరు. అతనికి అర్థమైంది. కాగితం లేకుండానే మళ్లీ పియానో అందుకున్నాడు. ఆడవాళ్లకు మాటలు అయిపోయాయి. అయినా రాగం వదల్లేదు.

చివరికి మా ఆయన సమాధి దగ్గర నేను మిగిలాను. పిడికిట్లోకి మట్టి అయితే తీసుకున్నాను గాని, పిడికిలి విప్పబుద్ధి కాలేదు. ఎవరూ తొందర పెట్టలేదు. డప్పులు మోగుతూనే ఉన్నాయి, అతను వాయిస్తూనే ఉన్నాడు, నా చెయ్యి విచ్చుకునేదాకా.