గడ్డకట్టిన గ్రీజు

ఇది ఇంతకాలం రాయలేకపోయాను. నాకు తెలుగు మాటలు వచ్చు, అక్షరాలు వచ్చేవి కావు. పాండిచ్చేరిలో మా ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో హిందీ. నా బండిలో ఒక పిల్ల నాతో అన్న మాటలు తెలుగువి. వాటిని వేరే లిపిలో పెట్టడానికి మనసొప్పలేదు. రిటైరయ్యాక, యాభై మూడో ఏట, ఇందిరా నగర్‌లో పక్కింటి టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దుకున్నాను.

నేను సరిహద్దు దళంలో డ్రైవరుగా ఉండేదాన్ని. డిసెంబరు మొదటి వారంలో మంచుకొండల మధ్య పోస్టుకు చేరాను. మధ్యాహ్నం మూడింటికే నీడ కమ్మింది. మైనస్ పద్దెనిమిది డిగ్రీలు. నాకు ఒక అంబులెన్సు జీపు, రెండు జతల ఉన్ని మేజోళ్ళు, ఒక కిరోసిన్ పొయ్యి అప్పగించారు. ఆజ్ఞ ఒక్కటే. పిలిచిన పది నిమిషాల్లో బండి కదలాలి. కింద ఆస్పత్రికి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు.

మూడో రోజు బండి కింద దూరి చూశాను. వెనక ఇరుసు మీద ఒకదానిపై ఒకటి పేర్చిన కమాను పట్టీలు పొడిబారి, తుప్పు రంగులో ఉన్నాయి. కుదుపును మోసేవి అవే. మా నాన్న అరియాంకుప్పంలో చేపల వ్యాను నడిపేవాడు. పెట్టెల్లోంచి కారే ఉప్పునీళ్ళు పట్టీలను తినేస్తాయని ప్రతి శుక్రవారం చేత్తోనే చిక్కటి గ్రీజు మెత్తేవాడు. నేనూ అట్లే మెత్తాను. ఎవరినీ అడగలేదు.

పోస్టులో తెలుగు మనిషి ఇంకొక్కతే. వైర్‌లెస్ ఆపరేటరు, శ్రీకాకుళం పిల్ల. నా మాట వింటే నవ్వేది.

"ఏంది, యాడ అంటావు. నీది తెలుగేనేటి అక్కా?"

"నీ ఏటి కంటే మా ఏంది మేలు. టీ చల్లారిపోతా ఉంది, తాగు మే."

జనవరిలో ఒక ఉదయం ఏడూ నలభైకి ఆమె యాంటెన్నా మీది మంచు దులపడానికి బంకరు పైకెక్కి జారింది. నడుము రాయికి తగిలింది. మైనస్ ఇరవై ఆరు. మబ్బు వల్ల హెలికాప్టరు రాదన్నారు. ఎనిమిదింటికి స్ట్రెచరుకు కట్టి బండిలో ఎక్కించాం. మెడికల్ అసిస్టెంటు ఆమె పక్కన, మెకానిక్ హవల్దారు నా పక్కన కూర్చున్నారు.

"కుదుపు తగలకూడదు. లోపల వెన్ను ఎట్లా ఉందో తెలీదు," అన్నాడు అసిస్టెంటు.

మొదటి గుంతలోనే తేడా తెలిసింది. పట్టీలు ఒకదానిమీద ఒకటి జారితేనే కమాను వంగుతుంది. అది వంగడం లేదు. చక్రం రాయెక్కిన ప్రతిసారీ ఆ దెబ్బ నేరుగా స్ట్రెచరుకు పోతోంది.

"యాడ నొస్తా ఉంది?" అన్నాను.

"నొప్పి నేదక్కా. నడుం కింద ఏటీ నేదు. అదే బయమేస్తంది."

పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర తుపాకి పేలినట్టు చప్పుడైంది. వెనక ఎడమ వైపు బండి కూలబడింది. పెద్ద పట్టీ విరిగింది. మెకానిక్ కింద దూరి చెక్క దిమ్మె బిగించి గొలుసుతో కట్టాడు. నన్నూ కిందికి పిలిచాడు. స్క్రూడ్రైవరుతో పట్టీల మధ్య గీకితే వాటిని కదలనీకుండా గడ్డకట్టిన గ్రీజు కొవ్వొత్తి మైనంలా పెళ్ళలుగా ఊడింది.

"ఇంత చలిలో ఈ గ్రీజు ఎవరు పూశారు?"

"నేనే. మా ఊళ్ళో ఉప్పుకి పూస్తారు."

అతను నా ముఖం చూశాడు. "ఇక్కడ ఉప్పు ఎక్కడుంది?"

బండి మళ్ళీ కదిలాక ఆస్పత్రి నుంచి రేడియో పలికింది. "ఇంకా ఎంత?"

"పంతొమ్మిది."

"ఎప్పటికి?"

"నడక వేగం. చెప్పలేను."

మధ్యాహ్నం రెండూ పదికి ఆస్పత్రి చేరాం. వెన్నుపూస విరిగిందని, నరం నలిగిందని సాయంత్రం డాక్టరు చెప్పాడు. పడినప్పుడు ఎంత, దారిలో ఎంత అని అడిగాను. అది ఎవరూ చెప్పలేరన్నాడు.

పోస్టుకు తిరిగొచ్చాక మెకానిక్ రిపోర్టు రాశాడు. 'విపరీతమైన చలికి పట్టీ విరిగింది.' కాగితం నా ముందు పెట్టాడు.

"నీ పేరు రాస్తే ఆమె కాళ్ళు తిరిగొస్తాయా? సంతకం పెట్టు."

పెట్టాను.

మార్చిలో సెలవు మీద ఇంటికొచ్చాను. విల్లుపురంలో రైలు దిగి, బస్సెక్కి, చెమటతో ఊళ్ళో దిగాను. అక్కడ చలి ఎట్లుంటుందని వీధిలో అందరూ అడిగేవారే. ఆ సాయంత్రం ఆమె నుంచి ఫోను. ఇంటికి తెచ్చారట. కాళ్ళు ఇక రావన్నారట.

"అక్కా, అంత చలిలో నువ్వు కాబట్టి నన్ను దించీసినావు. మాయమ్మ నీకు దండం పెడతంది."

"సరే మే," అన్నాను. ఫోన్ పెట్టేశాను.

పడుకుంటే ఆ రోజు బండి అద్దంలో కనిపించిందే మళ్ళీ కనిపించింది. దుప్పటి చివర ఉన్ని మేజోళ్ళలో ఆమె రెండు పాదాలు. బండి ఎగిరినప్పుడల్లా అవి ఎవరివో అయినట్టు అటూ ఇటూ పడేవి. ఆమె వాటి వైపు చూసేది కాదు. నేను చూసేదాన్ని. ఈనాటికీ చూస్తూనే ఉన్నాను.

మరునాడు ఉదయం ఆరింటికి ఆమెకు ఫోన్ చేశాను. పట్టీ విరిగింది చలి ఒక్కదానికే కాదని, దానికి గ్రీజు పూసింది నేనని చెప్పాను. ఆమె ఏమన్నా వినాలనుకున్నాను. నేను ఫోన్ పెట్టేయలేదు.