గోడ మీది జాజు గీత

మునిసిపాలిటీ ఓవర్సీరు గారు పోయారు. ఆదివారం సాయంత్రం నేను రంజాను రోజా విడిచాక నా కుట్టుమిషను పక్కన కూర్చుని టీ తాగిన మనిషి! కాలరు అరిగిన చొక్కా ఇచ్చి, తిప్పి కుట్టమని చెప్పి వెళ్ళిన మనిషి! సోమవారం తెల్లారేసరికి లేరు. నిద్రలోనే గుండె ఆగిందట. కబురు తెచ్చిన పక్కింటాయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

మాది నెల్లూరులో పల్లపు వీధి. గాలివాన పట్టిందంటే ఇళ్ళలో నీళ్ళు. పెన్న పొంగి వస్తోందనే అందరం అనుకునేవాళ్ళం. ఏటి వెంబడి రాతిగోడ కట్టాలనీ, అడ్డమొచ్చే మా వీధిని ఎత్తేయాలనీ ఆఫీసులో ప్లాను తయారైంది. ఈయన ఒక్కరే కాదన్నారు.

"ఊరి దగ్గర అంత డబ్బు ఏడుందయ్యా? గోడ సగంలో ఆగిపోతాది. మీ ఇళ్ళు మాత్రం ముందే పోతాయి" అనేవారు.

వాన వెలిసిన మర్నాడే కొబ్బరిచిప్పలో ఎర్ర జాజు కలుపుకుని వచ్చేవారు. చెరిగిపోకుండా అందులో తుమ్మజిగురు వేసేవారు. నీళ్ళు ఎంతవరకు నిలిచాయో ప్రతి ఇంటి గోడ మీదా గీత గీసేవారు. మేం నవ్వుకునేవాళ్ళం, పిల్లలు వెంటపడి గోల చేసేవాళ్ళు. ఒకసారి నన్ను రోడ్డు దాటించి అవతలి ఇళ్ళ గీతలు చూపించారు.

"చూడు సాయిబూ. ఇవతల నడుం లోతు, అవతల చీలమండ లోతు. ఏటి నీళ్ళయితే రెండు పక్కలా వచ్చుండాల గదా? రోడ్డు కింద ఉండేది ఒక్క తూము, అది కూడా పూడిపోయినాది. వాననీళ్ళు పొయ్యేదానికి దోవ లేదు. ఇంకో రెండు తూములేసి కాలవ పూడిక తీస్తే చాలు. దానికి గోడెందుకు?"

ఆ గీతలే ఆయన సాక్ష్యం. మా జనానికేమో పండగొస్తే గోడలకు సున్నం కొట్టకపోతే తోచదు. ఎవరి పండక్కి వాళ్ళు కొట్టేశారు. "ఆ బెత్తెడు మేర వదిలెయ్యండమ్మా" అని ఆయన గడప గడపకూ తిరిగి చెప్పినా వినలేదు. చివరికి నా గోడ మీది గీత ఒక్కటే మిగిలింది. గురువారం హైదరాబాదు నుంచి పెద్ద ఇంజనీరు వస్తున్నాడు, అతనికి దాన్ని చూపించాలని ఆయన ఆశ.

శనివారం నేను రంజాను పండగని సున్నం కొట్టేశాను. గీత సంగతి గుర్తే లేదు.

ఆదివారం ఆయన వచ్చి తెల్లగా మెరుస్తున్న గోడకేసి కాసేపు చూశారు. తిడతారేమోనని బిక్కచచ్చిపోయాను. "సాక్షి నోరు మూసేసినావు గదయ్యా సాయిబూ" అన్నారు, అంతే. నా భుజం తట్టి టీ అడిగారు. నాతో ఆయన ఆడిన చివరి మాటల్లో అదొకటి. పాత గుండె జబ్బని డాక్టరు అంటున్నాడు. ఆ మాట నా చెవికెక్కడం లేదు.

సాగనంపి వచ్చి, తడి గోనెపట్టాతో నా గోడ రుద్దడం మొదలెట్టాను. అరచేతులు బొబ్బలెక్కాయి. సున్నం పెచ్చులు రాలాక ఎర్రగా గీత బయటపడింది. చూసి ఎదురింటివాళ్ళు తమ గోడ తడిపారు. మర్నాటికి వీధి వీధంతా గోకుతోంది, రోడ్డవతలి వాళ్ళతో సహా.

గురువారం ఇంజనీరు రెండు పక్కలా గీతలు కొలిచాడు. తూము దగ్గర చాలాసేపు వంగి చూశాడు. గోడ మాట వాయిదా వేసి ముందు తూములు వేయమని రాస్తానన్నాడు.

"ఈ గీతలు గీసిన ఓవర్సీరు ఏరీ? పిలవండి" అన్నాడు.



కాలరు తిప్పి కుట్టాను. చొక్కా ఇంకా నా కొట్లో చిలక్కొయ్యకే ఉంది. కుడి చేతి అంచున జాజు మరక. దాన్ని మాత్రం ఉతకలేదు.