తెరచాప మీది ఎర్ర మాసిక

పెర్రిన్‌కు నవ్వడం కంటే తగువు పెట్టుకోవడమే బాగా వచ్చు. నార్మండీ ఒడ్డున మోకాలిలోతు నీళ్లలో రొయ్యల వల తోసుకుంటూ పెరిగిన మనిషి మరి. ఆమె మేడగదిలో పదకొండేళ్లుగా అద్దెకుంటున్న చిత్రకారుడు ఫ్లామాన్ గారు ఆమెను ముప్ఫై పటాల్లోకైనా ఎక్కించి ఉంటారు: టర్నిప్‌లు చెక్కుతూ, సూపు కలుపుతూ, మేజోళ్లు అల్లుతూ. గుండీ ఊడితే ఊడినట్టే వేసేవారు. ఆ పటాలు కొనే పారిస్ వాళ్లకు వంటిళ్లంటే ఎందుకంత మోజో, రోజూ పొయ్యి ఊదుకునేవాళ్లకు ఎప్పటికీ అర్థం కాదు. కిటికీ బయటే సముద్రమున్నా ఆయన దాని జోలికి పోయింది ఒక్కసారే.

ఆ సెప్టెంబరులో ఒక మంగళవారం పెర్రిన్ మొగుడు ఒనోరే చేపల వేటకు వెళ్లాడు. ఆ రాత్రే గాలివాన. బుధవారమంతా చూసినా పడవ రాలేదు. గురువారం పొద్దున్నే అతని మేనత్త సిదోనీ నల్లశాలువా చంకన పెట్టుకుని వచ్చింది. ఆ రేవులో పడవ తిరిగి రాకపోతే మూడోరోజు ఆ మనిషి పెళ్లానికి శాలువా కప్పుతారు. కప్పాక ఏడాదిదాకా తియ్యరు, పడవను వెతకడమూ మానేస్తారు.

"కప్పుకోవే తల్లీ. ఇంకా ఎంతసేపు చూస్తావు?"

"బరువుగా ఉంటే కుర్చీమీద పెట్టత్తా. నా భుజాలమీద మాత్రం వద్దు."

"మొండిదానా! మొగుడితో పోట్లాడినట్టు సముద్రంతోనూ పోట్లాడతావా?"

అంతలో ఫ్లామాన్ గారు బురద బూట్లతో వచ్చారు. నిన్న వాన వెలిశాక తూర్పు కొండకు వెళ్లి, ఆ పల్లెలోనే పడుకుని వస్తున్నారు, ఆయనకు ఇక్కడి సంగతేదీ తెలియదు. ఆరని పటాన్ని పొయ్యి పక్కన ఆనించారు. ఇసుక, మబ్బులు, నీళ్లు. ఒక్క మనిషి లేడు. దూరంగా గోరంత తెరచాప.

"కుదరలేదు పెర్రిన్. ఈ ఎర్రచుక్క కంట్లో నలుసులా ఉంది. సాయంత్రం గీకేస్తాను."

పెర్రిన్ వంగి చూసింది. గోధుమరంగు తెరచాప, కింది మూలన ఎర్రగుడ్డ. తన పాత లంగా ముక్క! "నన్ను వేటకు పంపుతున్నావా, ఎద్దుల్ని రెచ్చగొట్టడానికా?" అని ఒనోరే వారంపాటు సణిగిన మాసిక అది.

"ఇది ఎప్పుడు చూశారు?"

"నిన్న పొద్దున. ఇసుకతిప్ప వైపు మెల్లగా పోతోంది. ఉన్నది ఉన్నట్టు వేశాను, పాడు అలవాటు."

"గాలివాన తర్వాతేగా?"

"తర్వాతే. ఏమైంది?"

సముద్రాలు వేసి చెయ్యి తిరిగినవాడైతే ఆ పడవను తెల్లచుక్కతో సరిపెట్టేవాడు. ఇది పదకొండేళ్లు ఆమె చిరుగులన్నీ వేసిన చెయ్యి.

సిదోనీ అత్త కుర్చీలో కూలబడింది, సరిగ్గా శాలువామీదే. "గీకావంటే నీ చెయ్యి విరగ్గొడతా నాయనా," అంది ఏడుస్తూ.

రెండు పడవలు తూర్పుకు వెళ్లాయి. మధ్యాహ్నం పోటుతో, చుక్కాని విరిగి తిప్పమీద చిక్కుకున్న ఒనోరేను లాక్కొచ్చాయి.

"రేవంతా ఇక్కడే ఉందేమే? ఎవరి పెళ్లి?" అన్నాడు బొంగురుగా.

"నా లంగా గుడ్డకు పెళ్లి. సూపు చల్లారుతోంది, పద," అంది పెర్రిన్. చెయ్యి మాత్రం ఇంటిదాకా వదల్లేదు.

శాలువా తీసుకెళ్లడం సిదోనీ అత్త మరిచిపోయింది. ఆ చలికాలమంతా దానిమీద పెర్రిన్ పిల్లి పడుకుంది.