అన్న చెవుల్లో మోత

పాల వ్యాపారం చేసే మా అన్నకు చెవుల్లో ఎప్పుడూ మోతే. హోలీనాడు తాగిన గంజాయాకు భంగుతో ఒక పూట తగ్గినట్టనిపించి, దాన్ని రోజూ పాలలో కలుపుకోసాగాడు. మోత పెరిగింది. గంజాయిలో ఉండేలాంటి పదార్థాలను మెదడు తానే తయారు చేసుకుంటుందని, శబ్దాన్ని అదుపులో ఉంచడంలో వాటికీ పాత్ర ఉందని, బయటి మత్తు ఆ అదుపును చెడగొట్టవచ్చని డాక్టరు చెప్పాడు. భంగు మానినా లాభం లేకపోయింది. చివరికి పాల క్యాను మూత చప్పుడుకే చెవులు మూసుకునేవాడు.

మొన్న గుండె ఆగి చనిపోయాడు. పురానాపూల్ శ్మశానానికి డప్పులు లేకుండా తీసుకెళ్దామన్నాను.

"డప్పు లేకుంటే దిక్కులేని శవమంటరు. ఇంక వానికేం ఇనబడ్తదిరా?" అన్నాడు చిన్నాయన.

డప్పులు మోగాయి. చిన్నాయన మాటే నిజం కావాలని, పాడె మోస్తూ దారంతా కోరుకున్నాను.