టైల్స్ మేస్త్రి, రెండు బ్లెన్నీలు

టైల్స్ మేస్త్రి చేతికి వంకర రాదు. ఇరవై రెండేళ్లుగా జనం వంటిళ్లలో, స్నానాలగదుల్లో పలకలు పరుస్తున్నాడు. ఆయన వేసిన నేల మీద గోళీ పెడితే పెట్టినచోటే ఉంటుందని పేరు. అలాంటి మనిషి ఒక చేపల దుకాణంలో నేల వేస్తూ బ్లెన్నీని చూశాడు. చిటికెనవేలంత చేప. రాతి బొక్కలోంచి తల మాత్రం బయటపెట్టి, కళ్ల మీది చిన్న కుచ్చులు ఊపుతూ, ఆయన పనిని తనిఖీ చేస్తున్నట్టు చూసింది. మేస్త్రి మనసు పారేసుకున్నాడు.

ఆ పని ముగిసేసరికి ఒక జత బ్లెన్నీలు, ఉప్పునీటి తొట్టి, బొక్కలున్న సముద్రపు రాళ్లు ఇంటికి చేరాయి.

"మేస్త్రీ, గోడలా కట్టకు. సముద్రంలో ఎలా పడి ఉంటాయో అలా ఉండాలి. అప్పుడే అవి బయటికొస్తాయి" అని దుకాణదారు మరీమరీ చెప్పాడు.

మూడు ఆదివారాలు కూర్చుని పేర్చి, భార్యను పిలిచాడు. ఆమె నడుం మీద చేయి వేసుకుని చూసింది.

"ఏమండీ, ఇది సముద్రమా, బాత్రూమా?"

నిజమే. రాళ్లన్నీ వరసలో ఉన్నాయి, సందులన్నీ ఒకే కొలత. చేపలు రెండూ తొట్టిలోని నీటి పంపు వెనక నక్కి బయటికి రాలేదు. ఊడదీశాడు, మళ్లీ పేర్చాడు. కళ్లు మూసుకుని పెట్టినా చేయి మట్టం చూసుకునేది. భోజనం మధ్యలో లేచి వెళ్లి రాయి జరిపేవాడు.

"పిల్ల పరీక్షలకి కూడా ఇంత హైరానా పడలేదు మీరు" అనేది ఆమె.

నాలుగోసారి పంతం పట్టి అడ్డదిడ్డంగా నిలబెట్టాడు. చేపలు బయటికొచ్చాయి! రెండు రోజులు రాయి అంచున మోచేతులు ఆనించినట్టు కూర్చున్నాయి. మూడోరోజు మధ్యాహ్నం పనిలో ఉండగా భార్య ఫోన్ చేసింది.

"పైరాయి జారిందండీ. ఒక చేప దాని కింద పడి నలిగిపోయింది. రెండోది కనబడట్లేదు."

ఉన్నపళంగా వచ్చాడు. రాళ్లన్నీ తీసి ఖాళీ బకెట్లో పెట్టాడు. ఇసుకంతా వేళ్లతో దేవాడు. తొట్టి వెనకా కిందా వెతికాడు. లేదు. నేల మీద చతికిలబడ్డాడు.

"ఒక్క రాయిని వంకరగా నిలబెట్టడం చేతకాలేదు! ఎందుకీ పనితనం, తగలెయ్యడానికా?"

"ఊరుకోండి, కొంపలేం మునగలేదు" అంటూ బకెట్ జరపబోయి ఆమె ఆగిపోయింది. "ఏమండీ... ఈ రాయి నన్ను చూస్తోంది."

బొక్కలో రెండు కళ్లు. ఆమే ఆ రాయిని రెండు చేతులా ఎత్తి, ఎటు పడితే అటు నీళ్లలోకి దించేసింది. అది పక్కకు ఒరిగి పడింది. సాయంత్రానికి చేప తల బయటపెట్టింది.

మేస్త్రి చేయి రాయిని సర్దడానికి నీళ్లలోకి వెళ్లింది. చేప లోపలికి దూరింది.

"చెయ్యి తియ్యండి ముందు!"

తీశాడు. చచ్చిన చేపను పూలకుండీలో పూడ్చి వచ్చి, ఒరిగిన రాయిని చూస్తూ పళ్లు నూరాడు.

"ఇంకోటి తెచ్చుకోండి, దానికి తోడుంటుంది" అంది ఆమె కాస్త మెత్తగా.

"తెచ్చి చంపనా? ముందు నాకు రాళ్లు పేర్చడం రానీ" అన్నాడు విసురుగా.

మిగతా రాళ్లు, బకెట్లో ఉప్పునీళ్లు పోశాక, పదిరోజులు అందులోనే ఉన్నాయి. ఆయన వాటి జోలికి పోలేదు.