రెడ్డిగూడెం దాటాక, మామిడితోట పాకలో

దయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. కొండల మీద, అడవి అంచుల్లో టెంట్ వేసుకుని ఒంటరిగా పడుకునే అలవాటున్నదాన్ని. భయముంటే ఆ పని చెయ్యలేం.

నాలుగు గోడల మధ్య నాకు నిద్ర సరిగ్గా పట్టదు. కన్నవాళ్ళెవరో తెలియదు. కొన్నాళ్ళు హోంలో ఉన్నాను. తర్వాత ఫోస్టర్ కేర్. అంటే దత్తత కాదు, కొంతకాలం పెంచమని ఏదో ఒక కుటుంబానికి అప్పగిస్తారు. ఒక ఇల్లు అలవాటయ్యేసరికి ఇంకో ఇల్లు. చివరికి మైలవరంలో ఒక టీచరుగారి దగ్గర కుదురుకున్నాను. ఆవిడనే అమ్మా అంటాను. ఆవిడ కొనిచ్చిన సైకిల్‌తోనే ఊళ్ళు తిరగడం మొదలైంది.

మొన్న మే నెలలో అమ్మని చూడ్డానికి వచ్చి, ఒకరోజు రెడ్డిగూడెం మీదుగా చాట్రాయి వైపు సైకిల్ మీద బయలుదేరాను. మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మి గాలివాన మొదలైంది. తోటల్లో కాయలు దబదబా రాలుతున్నాయి. రోడ్డు పక్కన పాక కనిపిస్తే సైకిల్ చెట్టుకి ఆనించి, గుమ్మానికి వేలాడుతున్న పట్టా పక్కకి తోసి లోపలికి దూరాను.

లోపల మసకగా ఉంది. మంచం మీద ఒకావిడ కూర్చుని ఉంది.

"రా అమ్మా, తడిసిపోయావ్," అంది.

తోట మనిషి కాబోలు అనుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. కాసేపు ఇద్దరం వాన చప్పుడు విన్నాం. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"ఇంకా చెప్పులు దిండు కింద పెట్టుకునే పడుకుంటున్నావా?"

చిన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ అలాగే పడుకునేదాన్ని. పొద్దున్నే ఎవరైనా వచ్చి పదమంటే వెతుక్కోకూడదని. ఎవరి కంటా పడనిచ్చేదాన్ని కాదు.

"మీరెవరండీ?" అన్నాను.

"ఇక నిన్నెవరూ పంపించెయ్యరులే," అంది.

అప్పుడే బయట బైక్ ఆగింది. తల తిప్పాను. తోట కౌలుకి తీసుకున్నాయన, రాలిన కాయలు చూసుకోడానికి వచ్చాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి మంచం ఖాళీగా ఉంది. పాకకి ఉన్నది ఒకటే గుమ్మం.

"లోపల ఒకావిడ ఉండాలండీ," అన్నాను.

"ఇక్కడెవరుంటారమ్మా? కోత కూలీలు నిన్ననే వెళ్ళిపోయారు," అంటూ ఆయన పట్టా పూర్తిగా ఎత్తాడు. లోపలికి వెలుగు పడింది. మంచానికి నులక లేదు. ఉత్త పట్టెలు. మనిషి కూర్చునే వీలే లేదు.

సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను.

"చెప్పుల సంగతి నాకు తెలుసే. పక్క దులిపేటప్పుడు చూశాను. చిన్నబుచ్చుకుంటావని నీతో అనలేదు. ఇంకెవరితోనూ అనలేదు," అంది. తర్వాత, "మనిషి ఎలా ఉంది?" అని అడిగింది.

చెప్పబోయాను. నీలం నేతచీర గుర్తుంది. గొంతు గుర్తుంది. అంత దగ్గర్నుంచి చూసిన మొహం మాత్రం ఎంత తలుచుకున్నా రాలేదు.

ఎండదెబ్బ అన్నారు స్నేహితులు. ఎండదెబ్బ ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఇది అది కాదు. మరేమిటో చెప్పలేను. ఆ తోటకి తర్వాత కూడా వెళ్ళాను, ఎవరూ కనిపించలేదు. ఆవిడ నన్ను ఏ ఇంట్లో చూసిందో తెలియదు. ఆ ఇళ్ళల్లో నేను ఒక్కదాన్నే పడుకున్నాననుకున్న గదుల్లో నిజంగా ఒక్కదాన్నే ఉన్నానా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.