పేను లేని పేనుకొరుకుడు

నా తల దువ్వుతూ దువ్వుతూ మా అమ్మ కెవ్వుమంది. ఇరవై ఎనిమిదేళ్ల గవర్నమెంటు టీచరుకి తల్లి జడెయ్యడమేంటని అడక్కండి, మా ఇంట్లో అంతే. ఎడం చెవి వెనకాల రూపాయి బిళ్లంత మేర జుట్టే లేదట. తడుముకుని చూస్తే నిజమే, అరచేతిలా నున్నగా ఉంది.

"పేనుకొరుకుడే తల్లీ ఇది!" అంది అమ్మ.

దర్శి చుట్టుపక్కల దీనికి పేరూ అదే, నమ్మకమూ అదే. పేనులాంటి పురుగేదో జుట్టు కొరుక్కు తింటుందని. ఇంకేముంది, ఇల్లు కిష్కింధ అయిపోయింది. దిండ్లు ఎండలో పడ్డాయి, దుప్పట్లు మరిగే నీళ్లలో మునిగాయి. అమ్మ పేలదువ్వెన పట్టుకుని నా తల, తన తల, చివరికి నాన్న బట్టతల కూడా గాలించింది. ఒక్క పేనూ దొరకలా. "ఇంత జుట్టు మింగి ఎక్కడ నక్కిందో, దీని దుంపతెగ!" అని తిట్టిపోసింది. ఉల్లిపాయ రసం పూసింది. గురివింద గింజ అరగదీసి రుద్దింది. ఆ మంటకి నేను పెరట్లో గంతులేస్తుంటే పక్కింటివాళ్లు గోడెక్కి మరీ చూశారు. కౌలుకి పత్తీ మిరపా వేసే మా నాన్న అయితే, పత్తిలో పురుగుని పట్టే బుట్టొకటి నా మంచానికి కడదామా అన్నాడు. నవ్వులాటకి కాదండీ, నిజంగానే!

నెల తిరిగేసరికి ఒక్క బిళ్ల ఆరు బిళ్లలైంది. పదో తరగతి నుంచీ మా చర్చిలో క్రిస్మస్ పొద్దున మొదటి పాట ఎత్తుకునేది నేనే. మైకు ముందు, ఊరందరి కళ్లెదుట. జుట్టు పోతే పోయింది గానీ, ఆ చోట మళ్లీ నిలబడగలనా అన్నదే నా బెంగంతా.

ఒంగోలులో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి ముగ్గురం వెళ్లాం. ఆవిడ చూసి, "పేనూ లేదు, పురుగూ లేదు, ఎవరికీ అంటుకోదు. మీ ఒంట్లో రోగాల్ని ఆపే శక్తి ఉంటుంది చూడండి, అదే పొరపాటున జుట్టు కుదుళ్ల మీద పడింది," అంది.

నాన్నకి తన పత్తి చేను గుర్తొచ్చింది. "అంటే పురుగు లేకపోయినా మందు కొట్టేసినట్టా డాక్టరమ్మా?"

"సరిగ్గా అదేనండీ!"

"అదీ సంగతి," అంది అమ్మ. "పక్క చేలో స్ప్రేయరు చప్పుడు వినపడితే చాలు, ఈయన కూడా మందు కొట్టేస్తాడు. తండ్రి బుద్ధి కూతురి ఒంటికి రాదా మరి!"

డాక్టరమ్మ నవ్వాపుకుని, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటివి ఉన్నాయా అని అడిగింది. అమ్మ పెళ్లిపిలుపుల జాబితాలాగా చదివింది. పిన్నికి థైరాయిడ్, మేనత్తకి వేళ్లు వంకరపోయే కీళ్లవాతం, మావయ్యకి రొయ్య తింటే ఒళ్లంతా దద్దుర్లు. అవన్నీ ఆ శక్తి దారి తప్పి చేసే పనులేనట. నా తలలో ఇంజెక్షన్లు చేసి, "జుట్టు రావచ్చు, రాకపోవచ్చు, వచ్చి మళ్లీ పోవచ్చు," అంది. అబ్బ, ఎంత ధైర్యం చెప్పారండీ అనుకున్నాను.

నవంబరు వచ్చేసరికి అక్కడక్కడా మిగిలిన కుచ్చులు నాకే చూడబుద్ధి కాలేదు. నాన్న గడ్డం మిషన్ తీసుకుని గుండు చేసేసుకున్నాను. అమ్మ చూడలేక వీధిలోకి వెళ్లిపోయింది.

మర్నాడు బస్సెక్కానో లేదో, కండక్టరు టిక్కెట్టు ఇస్తూ, "కొండనుంచి ఎప్పుడొచ్చారు మేడం? ప్రసాదం ఏదీ?" అన్నాడు. స్టాఫ్‌రూములో అదే మాట. క్లాసులో అడుగుపెడితే నలభై మందీ ఒక్కసారి చేతులు చాచారు, "టీచర్, లడ్డూ!" అని. నేను చర్చి మనిషినిరా అంటే వినేవాళ్లెవరు? ఇక్కడ ఆడమనిషి గుండుతో కనపడిందంటే తిరుపతి వెళ్లొచ్చినట్టే లెక్క. మూడు రోజులు రోగం సంగతంతా విడమరిచి చెప్పి నోరు నొప్పెట్టి, నాలుగో రోజు దర్శి స్వీటు షాపులో లడ్డూలు కొనుక్కెళ్లి పంచాను. షాపువేరా అని చెప్పినా, పిల్లలు కళ్లకద్దుకునే తిన్నారు. నాకు నవ్వాగలేదు.

ఆ కబురు చర్చికి చేరింది. పాస్టర్ గారు ఇంటికొచ్చి, "అమ్మా, కష్టమొస్తే మాతో చెప్పొచ్చుగా, కొండదాకా ఎందుకు?" అన్నారు ఎంతో నెమ్మదిగా. అమ్మ సిగ్గుతో చచ్చిపోయి ఆసుపత్రి చీటీ తెచ్చి చూపించింది. ఆయన వెళ్లగానే నావైపు తిరిగింది. "ఈ ఏడాదికి వెనక వరసలో నిలబడి పాడవే."

ఏడుపొచ్చేసింది నాకు. జుట్టు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ముందు నిలబడితేనే చర్చికొస్తానని మొండికేశాను. రెండ్రోజులు అన్నం దగ్గర అలిగాక అమ్మ ఒప్పుకుంది, కొంగు తలమీంచి జారకూడదన్న షరతు మీద. క్రిస్మస్ పొద్దున తనే కూర్చుని పిన్నులు పెట్టబోయింది. పిన్ను గుచ్చడానికి జుట్టుండాలిగా! ఇద్దరం పగలబడి నవ్వాం. చివరికి కొంగు రెండంచులూ గడ్డం కింద కలిపి ఒక్క పిన్ను పెట్టింది.

మొదటి చరణం బ్రహ్మాండంగా వెళ్లింది. రెండో చరణంలో గొంతు పైకెత్తేసరికి పిన్ను ఊడింది. స్టాండు ఫ్యాను గాలికి పట్టుకొంగు కాస్తా నున్నటి గుండు మీంచి జర్రున జారి భుజాన పడింది. కీబోర్డు ఆగింది. నేనూ ఆగిపోయాను. పాస్టరమ్మ గారు పాపం మంచిమనసుతోనే లేచొచ్చి, నా కొంగు తీసి కప్పబోయారు.

ఎప్పుడొచ్చిందో అమ్మ, ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మగారూ, ఉండనివ్వండి."

తర్వాత నావైపు చూసింది. "పోయింది జుట్టేనే, గొంతు కాదు. పాడు!"

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట చర్చి పైన కట్టిన స్పీకర్లలోంచి ఊరంతా వినపడింది. ఎవరో కిసుక్కుమన్నారు, ఆ తర్వాత అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే పాట అందుకున్నాను. అమ్మకి పాడటం రాదు. అయినా పాట అయ్యేదాకా నా పక్కనే నిలబడింది, నా కొంగు ముట్టుకోకుండా.